విరిగిన కాలి మీద పందెం



1968 వేసవిలో బ్రయన్ క్లఫ్ అనే కుర్ర మేనేజరు ఒక ఆటగాడి కోసం లండన్ వెళ్లాడు. అతను నడుపుతున్న డెర్బీ కౌంటీ క్లబ్బు ఇంగ్లండు రెండో డివిజన్లో 18వ స్థానంతో అప్పుడే సీజను ముగించింది. అతనికి కావలసింది టాటెన్‌హామ్ హాట్‌స్పర్‌లో ఆడుతున్న డేవ్ మకై. స్కాట్లండు మనిషి. 1961లో లీగ్ టైటిలూ ఎఫ్‌ఏ కప్పూ ఒకే సీజన్లో గెలిచిన టాటెన్‌హామ్ జట్టుకు వెన్నెముక. అయితే అది ఏడేళ్ల కిందటి ముచ్చట. 1963 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌తో జరిగిన మ్యాచ్‌లో మకై ఎడమ కాలు విరిగింది. తొమ్మిది నెలలు పోయాక రిజర్వు జట్టుతో మెల్లగా ఆట మొదలుపెడితే అదే కాలు మళ్లీ విరిగింది. ఆ తర్వాత కూడా లేచి వచ్చి, 1967లో కెప్టెన్‌గా ఎఫ్‌ఏ కప్పు తెచ్చిపెట్టాడు. కానీ క్లఫ్ వెళ్లేసరికి అతని వయసు 33. తనను కొనడానికి వచ్చిన మేనేజరు కన్నా నాలుగు నెలలు పెద్ద. ఎడింబరోకి తిరిగి వెళ్లి, పాత క్లబ్బు హార్ట్స్‌లో సహాయ మేనేజరుగా కుదురుకుందామని చూస్తున్నాడు.

క్లఫ్ వదల్లేదు. బేరం 5,000 పౌండ్లకు తెగింది. అదే వేసవిలో లెస్టర్ సిటీ అలన్ క్లార్క్ అనే ఫార్వర్డు కోసం లక్షన్నర పౌండ్లు పోసింది. బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. ఆ సొమ్ముతో ముప్పై మంది మకైలను కొనొచ్చన్నమాట.

టాటెన్‌హామ్‌లో మకై మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా దూసుకుపోయే మిడ్‌ఫీల్డరు. డెర్బీలో ఆ పరుగు మానేయమన్నారు. రక్షణ వరుసలో నిలబడు, బంతి ఎటు రాబోతోందో ముందే పసిగట్టు, పక్కనున్న కుర్రాళ్లను అరిచి నడిపించు, చాలు అన్నారు. పక్కనున్నది రాయ్ మెక్‌ఫార్లండ్, ఇరవై ఏళ్లవాడు. ఏడాది తిరిగేసరికి డెర్బీ రెండో డివిజన్ విజేత. 1969లో ఇంగ్లండు ఫుట్‌బాల్ విలేకరుల సంఘం ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతిని మకైకి ఇచ్చింది. అతను డెర్బీలో మూడు సీజన్లున్నాడు. ఆ మూడింటిలో క్లబ్బు ఆడిన లీగ్ మ్యాచ్‌లు 126. మకై దిగినవి 122. రెండుసార్లు విరిగిన కాలితో!

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ ఏడు బహుమతిని మకై ఒక్కడికే ఇవ్వలేదు, మాంచెస్టర్ సిటీ కెప్టెన్ టోనీ బుక్‌తో కలిపి ఇచ్చారు. బుక్ మొదట్లో తాపీ మేస్త్రీ. ముప్పయ్యో పడి దాకా చిన్నాచితకా జట్లలోనే ఆడాడు. అతన్ని పెద్ద లీగులోకి లాక్కొచ్చిన మేనేజరు మాల్కమ్ ఆలిసన్, కొనే క్లబ్బు వెనకాడుతుందేమోనని, పుట్టిన తేదీ కాగితాన్ని రెండేళ్లు దిద్దించాడు. 1966లో మాంచెస్టర్ సిటీ అతనికి చెల్లించింది 17,000 పౌండ్లు. బహుమతి వచ్చిన సీజన్లో బుక్ మడమ వెనక స్నాయువు దెబ్బతిని దాదాపు సగం రోజులు బయటే కూర్చున్నాడు. అంటే ఆ ఏడాది ఇంగ్లండులో మేటి ఆటగాళ్లని విలేకరులు ఎంచిన ఇద్దరి ఖరీదూ కలిపి 22,000 పౌండ్లు. ఇద్దరూ మార్కెట్టు పక్కన పెట్టినవాళ్లే.

గాయపడినవాడి మీద క్లఫ్‌కు అంత నమ్మకం ఎందుకంటే, జవాబు అతని మోకాల్లోనే ఉంది. 1962 డిసెంబరు 26న సండర్లండ్ తరఫున బరీ జట్టుతో ఆడుతూ, గోల్‌కీపరును గుద్దుకుని కిందపడ్డాడు. మోకాలి లిగమెంట్లు తెగాయి. ఆటగాడిగా మొత్తం 274 లీగ్ మ్యాచ్‌లలో 251 గోల్స్ కొట్టినవాడు, ఆ దెబ్బ తర్వాత మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడి 29 ఏళ్లకే ఆట వదిలేశాడు. క్లబ్బు దృష్టిలో ఆటగాడు ఎంత వేగంగా ఆస్తి నుంచి భారంగా మారిపోతాడో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే సానుభూతితో ఎవరూ లీగులు గెలవరు. క్లఫ్, అతని జంట పీటర్ టేలర్ చూసింది వేరే లెక్క: అమ్మేవాడు పాడైన భాగాన్ని చూసి ధర కడుతున్నాడు, మరి బాగున్న భాగం ఖరీదెంత?

చవక బేరాల అసలు కిటుకు ఇదే. ‘పోతే పోయింది, వస్తే వచ్చింది’ అని కొనే క్లబ్బులు చాలావరకు పోగొట్టుకుంటాయి. గెలిచేది, అతని ఒంట్లో ఇంకా ఏది చక్కగా పనిచేస్తోందో కనిపెట్టి, దానికి తగ్గట్టు అతని పనినే మార్చేవాళ్లు.

పాల్ మెక్‌గ్రాత్ సంగతి చూడండి. డబ్లిన్ అనాథాశ్రమాల్లో పెరిగి, మాంచెస్టర్ యునైటెడ్‌లో డిఫెండరుగా ఎదిగాడు. మోకాళ్లకు ఆపరేషన్ మీద ఆపరేషన్. దానికి తోడు తాగుడు. 1989లో యునైటెడ్ అతనికి లక్ష పౌండ్లు ఇచ్చి రిటైరై పొమ్మంది. అతను వద్దన్నాడు. ఆస్టన్ విల్లా మేనేజరు గ్రహమ్ టేలర్ సుమారు నాలుగు లక్షల పౌండ్లకు అతన్ని తీసుకున్నాడు. విల్లాలో ఫిజియో జిమ్ వాకర్ మెక్‌గ్రాత్ కోసం ఓ పద్ధతి పెట్టాడు. వారమంతా మిగతా ఆటగాళ్లు మైదానంలో చెమటోడుస్తుంటే మెక్‌గ్రాత్ వ్యాయామ సైకిలు తొక్కుతాడు, కాళ్లు పిసికించుకుంటాడు, స్నానం చేస్తాడు. శనివారం వచ్చి ఆడతాడు. ‘సాధన లేకుండా ఆటేమిటి’ అని ముఖం చిట్లించేవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ ఆ మోకాళ్లకు ఉన్న పరుగును సాధనలో తగలేయకుండా మ్యాచ్ రోజుకు దాచిపెట్టడమే వాకర్ చేసిన పని. మెక్‌గ్రాత్ ఏడేళ్లు ఆ క్లబ్బుకు ఆడాడు, 300 పైచిలుకు మ్యాచ్‌లు. 1993లో తోటి ఆటగాళ్లంతా ఓట్లేసి అతన్ని ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. ఆ సీజన్లో లీగ్ గెలిచింది మాంచెస్టర్ యునైటెడ్, రెండో స్థానం ఆస్టన్ విల్లాది.

మరుసటేడు, 1994 జూన్ 18న, అమెరికాలోని న్యూజెర్సీలో జెయింట్స్ స్టేడియం. ప్రపంచకప్పులో ఐర్లండ్, ఇటలీ తలపడ్డాయి. ఇటలీకి రాబర్టో బాజియో ఉన్నాడు, అంతకు ముందు ఏడు యూరప్‌లో అత్యుత్తమ ఆటగాడని బంగారు బంతి అందుకున్నవాడు. ఐర్లండు రక్షణ వరుసలో మెక్‌గ్రాత్. ఐర్లండ్ 1-0తో గెలిచింది. బాజియోకు ఆ రోజు ఊపిరాడనివ్వలేదు మెక్‌గ్రాత్. ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఆ మ్యాచ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఇద్దరి మోకాళ్లూ ఒకప్పుడు డాక్టర్లు కోసి కుట్టినవేనన్నది అంతగా ఎవరూ గుర్తు చేసుకోరు.

బాజియో గాయం మరీ ముందుగానే వచ్చింది. 1985లో అతనికి 18 ఏళ్లు. ఇటలీ మూడో శ్రేణి లీగులో విచెంజా క్లబ్బుకు ఆడుతున్నాడు. ఫియొరెంటినా క్లబ్బు అతన్ని కొనడానికి అంతా మాట్లాడుకుంది. పక్కా కావడానికి కొద్ది రోజుల ముందు, మే 5న, రిమినీ జట్టుతో మ్యాచ్‌లో కుడి మోకాలి లిగమెంటు తెగిపోయింది. ఫ్రాన్స్‌లో ఆపరేషన్, 220 కుట్లు. మాట వెనక్కి తీసుకోవడానికి ఫియొరెంటినాకు ఇంతకన్నా మంచి సాకు దొరకదు. కానీ తీసుకోలేదు, డబ్బు కట్టింది. ఆ తర్వాత మోకాలు మళ్లీ మొరాయించినా కట్టుబడే ఉంది. చివరికి 1990లో ఆ క్లబ్బు బాజియోను యువెంటస్‌కు అమ్మితే అది ప్రపంచ రికార్డు ధర. అమ్మినందుకు ఫియొరెంటినా ఊరైన ఫ్లోరెన్స్ వీధుల్లో జనం తిరగబడ్డారు, యాభై మంది దాకా దెబ్బలు తిన్నారు. ఇదంతా చవక బేరం కాదు గానీ, నష్టాన్ని ఎదురుగా పెట్టుకుని వేసిన పందెం.

అసలు చవక బేరం బాజియో కథ చివర్లో వస్తుంది. 2000లో ఇంటర్ మిలాన్ అతన్ని వదిలేసింది. 33 ఏళ్ల ఆ ఆటగాడిని బ్రెషా అనే చిన్న క్లబ్బు పైసా బదిలీ రుసుము లేకుండా తెచ్చుకుంది. అప్పటిదాకా పై డివిజన్లోకి ఎక్కుతూ దిగుతూ ఉండే జట్టది. బాజియో ఉన్న నాలుగు సీజన్లలో ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. 2004లో అతను ఆట మానేశాడు, 2005లో బ్రెషా కింది డివిజన్‌కు పడిపోయింది. అదే క్లబ్బుకు 2001 జనవరిలో ఇంటర్ నుంచి అరువు మీద ఇంకో కుర్రాడొచ్చాడు. ఇంటర్లో బెంచీకి అంటుకుపోయిన ఆంద్రేయా పిర్లో. ముందు వరుస వెనక ఆడే స్థానం అప్పటికే బాజియోది కాబట్టి, కోచ్ కార్లో మజోనె పిర్లోను బాగా వెనక్కి జరిపి డిఫెండర్ల ముందు నిలబెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి ఇటలీ ఆ స్థానం నుంచి అతను పంపిన పాసుల మీద బతికింది. 2011లో ఏసీ మిలాన్ కూడా ‘ఇతని పని అయిపోయింది’ అనుకుని ఒప్పందం కొనసాగించలేదు. యువెంటస్ ఉచితంగా తీసుకుని, అతను ఉన్న నాలుగేళ్లూ లీగ్ గెలిచింది.

‘ఉచితం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 1995 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో తీర్పిచ్చింది. ఒప్పందం గడువు ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు ఒక్క పైసా ఇప్పించకుండానే కొత్త క్లబ్బుకు పోవచ్చని చెప్పింది. అప్పటి నుంచీ బదిలీ రుసుము లేని సంతకాలు పెరిగాయి. కానీ జీతం ఉంటుంది, సంతకం డబ్బుంటుంది, ఏజెంటు వాటా ఉంటుంది. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో 2010 నుంచి సీనియర్ల జాబితాకు 25 మంది పరిమితి ఉంది. కుంటుతూ కూర్చున్నవాడు ఆ 25లో ఒక చోటు తినేస్తాడు. అందుకే సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టినట్టు క్లబ్బులు ఇవాళ ఆటగాడి ఒళ్లంతా తడిమి చూస్తాయి. మోకాళ్లకు ఎంఆర్‌ఐ, గుండెకు ఈసీజీ, తొడ కండరాల బలానికి యంత్రాలు. అవన్నీ అయ్యాక కూడా ధైర్యం చాలకపోతే ఇంకో దారి పట్టుకుంటాయి: మొదట సీజను కాలం అరువు, నచ్చితే కొనే హక్కు. లేదా ఒక్క ఏడాది ఒప్పందం, ఇన్ని మ్యాచ్‌లు ఆడితే ఇంకో ఏడాది. లేదా ఆడిన మ్యాచ్‌కే కూలి.

ఆ కూలి ఒప్పందాల్లో పేరు మోసినవాడు మైకేల్ ఓవెన్. 2001లో యూరప్ బంగారు బంతి అందుకున్న ఈ ఇంగ్లండు ఫార్వర్డు 2009 నాటికి గాయాలతో సగమైపోయాడు. అతను ఆడిన న్యూకాసిల్ కింది డివిజన్‌కు దిగిపోయింది. అతని వ్యవహారాలు చూసేవాళ్లు ఓవెన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో వివరిస్తూ రంగుల పుస్తకం అచ్చేసి క్లబ్బులకు పంచారు. ఇంగ్లండులో నవ్వనివాడు లేడు. ఆ వేసవిలోనే క్రిస్టియానో రొనాల్డోను 8 కోట్ల పౌండ్లకు అమ్మిన మాంచెస్టర్ యునైటెడ్, ఓవెన్‌ను రుసుము లేకుండా, మూల జీతం తగ్గించి, ఆడితే అదనం అన్న పద్ధతిలో తీసుకుని, రొనాల్డో వదిలిన 7వ నంబరు చొక్కా ఇచ్చింది. సెప్టెంబరు 20న ఊరి ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీతో మ్యాచ్. 3-3. ఆట 96వ నిమిషంలోకి వెళ్లింది. ఓవెన్ గోల్ కొట్టాడు, 4-3. డిసెంబరులో జర్మనీ వెళ్లి వోల్ఫ్స్‌బర్గ్ మీద హ్యాట్రిక్ చేశాడు. ఫిబ్రవరిలో లీగ్ కప్ ఫైనల్లో గోల్ కొట్టి, అదే మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి బయటికి నడిచాడు. మూడేళ్లలో 52 మ్యాచ్‌లు, 17 గోల్స్. చాలామంది దీన్ని విఫలమైన బేరం అంటారు. కాదు. ఇచ్చిన డబ్బుకు ఆ ఒక్క 96వ నిమిషమే సరిపోతుంది.

ఓవెన్ హార్‌గ్రీవ్స్‌ది మాత్రం నిజంగానే చేదు కథ. పేరులో ఓవెన్ ఉందని తికమక పడకండి, ఇతను వేరు. మోకాలి చిప్ప కింది స్నాయువు వాపుతో మూడేళ్లు నలిగాక 2011లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని వదిలేసింది. తాను పరుగెడుతున్న వీడియోలను తీసి యూట్యూబ్‌లో పెట్టుకున్నాడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినట్టు. మాంచెస్టర్ సిటీ ఏడాది ఒప్పందం ఇచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే దూరం నుంచి గోల్ కొట్టాడు. జనం ‘అరె, దొరికింది నిధి’ అనుకున్నారు. మొత్తం నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. అంతే. సిటీకి పెద్దగా పోయిందేమీ లేదు, ఆ ఏడే లీగ్ గెలిచింది. ఇతని విషయంలో క్లబ్బు కొత్త పనేదీ కనిపెట్టలేదు. పాత హార్‌గ్రీవ్స్ తిరిగొస్తాడని ఎదురుచూసింది, అతను రాలేదు.

ఇక ఇదే జూదాన్ని ఖరీదుగా ఆడితే ఏమవుతుందో రియల్ మాడ్రిడ్ చూపించింది. 2004లో గాయంతో ఉన్న ఇంగ్లండు డిఫెండర్ జొనాథన్ వుడ్‌గేట్‌ను కోటీ 30 లక్షల పౌండ్లు దాటించి కొంది. అతను మొదటి మ్యాచ్ ఆడటానికి ఏడాది పైన పట్టింది. ఆడిన రోజు సొంత గోల్ వేసుకుని, రెడ్ కార్డు తీసుకుని వెళ్లిపోయాడు.

కాళ్లు బాగుండి ఆట బాగోలేనివాళ్ల సంగతేమిటి? దానికి మళ్లీ క్లఫ్ దగ్గరికే పోవాలి. 1975లో అతను నాటింగమ్ ఫారెస్ట్‌కు వచ్చేసరికి జాన్ రాబర్ట్‌సన్ అనే ఆటగాడు లావెక్కి, గడ్డం గీసుకోకుండా, అమ్మకపు జాబితాలో ఉన్నాడు. కెనీ బర్న్స్ అనేవాడు బర్మింగమ్‌లో ఫార్వర్డు. తాగుతాడు, కొడతాడు, కుక్కల పందేల్లో తగలేస్తాడు అని పేరు. క్లఫ్ జంట పీటర్ టేలర్ మారువేషంలో పందేల మైదానానికి వెళ్లి గమనించాడని, బర్న్స్ వేసేవి చిల్లర పందేలేనని తేల్చుకున్నాకే లక్షన్నర పౌండ్లకు కొన్నారని చెబుతారు. కొని, రక్షణ వరుసలో నిలబెట్టారు. 1978లో ఫారెస్ట్ లీగ్ విజేత, బర్న్స్ ఆ ఏటి మేటి ఆటగాడు. 1979, 1980లో యూరోపియన్ కప్పు కూడా ఫారెస్ట్‌దే. మొదటి ఫైనల్లో గోల్‌కు క్రాస్ ఇచ్చినదీ, రెండో ఫైనల్లో ఏకైక గోల్ కొట్టినదీ ఆ లావుపాటి రాబర్ట్‌సనే.

క్రిస్టియన్ ఎరిక్సన్ విషయంలో గాయం మోకాలిది కాదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఫిన్లండ్‌తో ఆడుతూ ఈ డెన్మార్క్ మిడ్‌ఫీల్డర్ గుండె ఆగి కుప్పకూలాడు. ప్రపంచం టీవీలో చూసింది. బతికించారు. ఛాతీలో డిఫిబ్రిలేటర్ అమర్చారు, గుండె లయ తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం. ఆ పరికరంతో ఇటలీ లీగులో ఆడనివ్వరు కాబట్టి ఇంటర్ మిలాన్ డిసెంబరులో ఒప్పందం రద్దు చేసుకుంది. ఇంగ్లండులో అలాంటి గుండుగుత్త నిషేధం లేదు, డాక్టర్లు ఒక్కొక్కరినీ విడిగా చూసి తేలుస్తారు. 74 ఏళ్ల తర్వాత పై డివిజన్‌కు చేరిన లండన్ క్లబ్బు బ్రెంట్‌ఫర్డ్ 2022 జనవరి 31న అతనికి ఆర్నెల్ల ఒప్పందం ఇచ్చింది. అక్కడి అప్పటి కోచ్ టామస్ ఫ్రాంక్ కూడా డెన్మార్క్ వాడే, ఎరిక్సన్‌ను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఫిబ్రవరి 26న, కుప్పకూలిన 259 రోజులకు, ఎరిక్సన్ మళ్లీ మ్యాచ్‌లో దిగాడు. ఆ రోజు బ్రెంట్‌ఫర్డ్ ఓడిపోయింది. దానితో కలిపి వరుసగా ఎనిమిది లీగ్ మ్యాచ్‌లలో గెలుపు లేదు. ఆ తర్వాత ఎరిక్సన్ మొదటి నుంచీ ఆడిన 10 లీగ్ మ్యాచ్‌లలో 7 గెలిచింది, చెల్సీని దాని మైదానంలోనే 4-1తో ఓడించింది. 13వ స్థానంతో సీజను ముగించింది. ఇక్కడ బ్రెంట్‌ఫర్డ్ మార్చింది ఆటగాడి పనిని కాదు. మిగతా క్లబ్బులు భయంతో వదిలేసిన చోట, అది వైద్యుల మాట చివరిదాకా విన్నది.

ఇదంతా యూరప్ వాళ్ల తెలివే అనుకోనక్కర్లేదు. క్లఫ్ ఇంకా ఆటగాడిగా ఉన్న రోజుల్లోనే హైదరాబాదు మనిషి ఒకరు ఇదే లెక్క వేశారు. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన కోచ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు ఆయన చేతుల్లో ఉంది. థాయిలండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. కుట్లతో ఉన్నవాణ్ని రక్షణ వరుసలో పెడితే బంతిని మాటిమాటికీ తలతో ఎదుర్కోవాలి. అలాగని అంత గట్టి మనిషిని బయట కూర్చోబెట్టడం రహీంకు ఇష్టం లేదు. సెమీఫైనల్లో అతన్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, ఇదే పోటీల తొలి మ్యాచ్‌లో భారత్‌ను 2-0తో ఓడించిన జట్టు. ఫ్లూతో ఉన్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌నూ రహీం ఆ రోజు దింపారు. స్టేడియం నిండా లక్ష మంది, చాలామంది భారత్ ఓడాలని కోరుకుంటున్నవాళ్లే. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, జర్నైల్ సింగ్ ఇంకొకటి. 2-1తో స్వర్ణం మనది. రహీం అప్పటికే జబ్బు మనిషి. మరుసటేడు జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. క్లఫ్ గురించి ఇంగ్లండులో అల్మరాలు నిండేన్ని పుస్తకాలున్నాయి. రహీం బుర్ర గురించి మన దగ్గర ఇంకా రాయవలసింది చాలా ఉంది.

హైదరాబాదుకు ఆ తర్వాత కూడా ఇలాంటి బేరం ఒకటి కలిసొచ్చింది. 2021లో ముంబయి సిటీ వదిలేసిన నైజీరియా ఫార్వర్డు బార్తొలొమ్యూ ఓగ్బెచెను హైదరాబాద్ ఎఫ్‌సీ తీసుకుంది. 37 ఏళ్ల ఆ ‘ముసలాడు’ 18 గోల్స్ కొట్టి ఇండియన్ సూపర్ లీగులో ఆ ఏటి బంగారు బూటు అందుకున్నాడు, హైదరాబాద్ 2022 మార్చిలో కప్పు గెలిచింది.

ఇంతవరకూ చెప్పింది క్లబ్బుల లాభనష్టాలు. ఇందులో మెచ్చలేని సంగతి కూడా ఒకటుంది. ‘తక్కువ ఖర్చు, తక్కువ నష్టం’ అని క్లబ్బు అధికారులు సంబరంగా చెబుతారు. ఎవరికి తక్కువ నష్టం? క్లబ్బుకు. ఆడితేనే డబ్బు అన్న కాగితం మీద సంతకం పెట్టినవాడు ‘మోకాలు నొప్పిగా ఉంది, ఈ వారం ఆడలేను’ అని డాక్టరుతో ఎంత నిజాయితీగా చెప్పగలడు? సూది మందు పొడిపించుకుని దిగుతాడు. బేరం దండగైతే క్లబ్బు ఖాతాలో ఒక చిన్న పద్దు మిగులుతుంది, అతనికి మాత్రం జీవితాంతం కుంటే మోకాలు మిగులుతుంది. అలాంటి ఒప్పందాల్లో ఆట మానేశాక వైద్యానికి అయ్యే ఖర్చు కూడా రాయాలని ఆటగాళ్ల సంఘాలు పట్టుపడితే తప్పేమీ లేదు.

సాంటీ కజోర్లాను చూస్తే ఆ నష్టం ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. 2016 అక్టోబరులో ఆర్సెనల్‌కు ఆడుతూ ఈ స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ గాయపడ్డాడు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాయి, పుండులో సూక్ష్మజీవులు చేరి మడమ వెనక స్నాయువును ఎనిమిది సెంటీమీటర్ల మేర తినేశాయి. కొడుకుతో పెరట్లో నడవగలిగితే అదే పదివేలనుకోమన్నారు డాక్టర్లు. స్పెయిన్‌లో చేతి చర్మం తీసి మడమకు అతికారు. ఆ చర్మం మీద కూతురి పేరు పచ్చబొట్టుగా ఉంది, అందులో సగం ఇప్పుడు కాలి మీదికి చేరింది. 2018లో ఆర్సెనల్ వదిలేశాక, పాత క్లబ్బు విల్లారియల్ ‘వచ్చి కొన్నాళ్లు మాతో సాధన చెయ్, చూద్దాం’ అంది. చూసి ఒప్పందం ఇచ్చింది. 2019లో కజోర్లా మళ్లీ స్పెయిన్ జట్టులోకి వచ్చాడు. 2019-20 సీజన్లో 11 లీగ్ గోల్స్ కొట్టాడు, విల్లారియల్ ఐదో స్థానంలో నిలిచింది.

2023లో అతను చిన్ననాటి క్లబ్బు ఒవియెడోకు వెళ్లాడు. అప్పట్లో రెండో డివిజన్లో ఉన్న ఆ క్లబ్బుకు ఉత్తినే ఆడతానన్నాడు. నిబంధనలు ఒప్పుకోవు గనక లీగ్ కనీస వేతనం మీద సంతకం పెట్టి, తన పేరున్న చొక్కాల అమ్మకంలో పది శాతం పిల్లల అకాడమీకి ఇమ్మన్నాడు. 2025 జూన్ 21న పై డివిజన్‌కు వెళ్లే ఆఖరి మ్యాచ్. ప్రత్యర్థి మిరాందెస్ ముందు గోల్ చేసింది. ఒవియెడోకు పెనాల్టీ దొరికితే బంతి అందుకుంది కజోర్లా, 40 ఏళ్ల వయసులో. గోల్. అదనపు సమయంలో ఒవియెడో 3-1తో గెలిచి, 24 ఏళ్ల తర్వాత స్పెయిన్ మొదటి డివిజన్లో అడుగుపెట్టింది.

యూరప్‌లో బదిలీల గడువు ఏటా రెండుసార్లు, వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ముగుస్తుంది. ఆ ఆఖరి రాత్రి కోట్ల సంతకాల హోరులో పేపర్లో ఏదో మూల రెండు లైన్ల వార్త ఉంటుంది: ఫలానా ఆటగాడు, రుసుము లేదు, ఏడాది ఒప్పందం. ఈసారి ఆ రెండు లైన్లూ వదలకుండా చదవండి. ఆ పేరు రాసిపెట్టుకుని, కొత్త క్లబ్బు అతన్ని ఏ స్థానంలో ఆడిస్తోందో గమనించండి.